అత్త సొమ్ము, అల్లుడి దానం: టెక్సస్ గాలిమరలు, బడి పన్ను

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్నవారిలో చాలామంది డాలస్ పక్కన ప్లేనోలోనో ఫ్రిస్కోలోనో ఇల్లు కొనుక్కున్నవారే. ఈ రాష్ట్రంలో ఆదాయపు పన్ను లేదని సంతోషంగా వచ్చాం. ఇంటి పన్ను బిల్లు చూశాక ఆ సంతోషం కాస్తా ఆవిరైంది. ఆ బిల్లులో సింహభాగం బడిదే. ఆ బడి పన్నుకూ, ఇక్కడికి పడమరగా మూడు నాలుగు గంటల దూరంలో తిరిగే గాలిమరలకూ ఉన్న లంకె గురించే ఈ రోజు మాట్లాడతాను.

స్వీట్‌వాటర్ దాటగానే రాస్కో వస్తుంది. పత్తి చేలు, వాటి మధ్య 2009 నాటికి నిలబెట్టిన 627 మరలు. మొత్తం సామర్థ్యం 781.5 మెగావాట్లు. ఇలాంటి ప్రాజెక్టులను రప్పించడానికి టెక్సస్ 2001లో ఒక చట్టం చేసింది. జనం నోట్లో అది ‘చాప్టర్ 313’. కంపెనీ ఆస్తి విలువ ఎంతైనా సరే, మొదట్లో ఎనిమిదేళ్లు, ఆ తర్వాత పదేళ్లపాటు, బడి నిర్వహణ పన్నును (అంటే రోజువారీ ఖర్చుల పన్నును) ఒక చిన్న విలువ పరిమితి మీదే వేసే వీలు స్కూల్ బోర్డుకు ఇచ్చింది.

లెక్క కోసం ఒక ఊరిని ఊహించుకుందాం. మరల విలువ 20 కోట్ల డాలర్లు, పరిమితి 2 కోట్లు, పన్ను వందకు ఒక డాలరు. కట్టాల్సింది 20 లక్షలు, కట్టేది 2 లక్షలు. ఏటా 18 లక్షలు మాఫీ. అయితే బడికి నష్టమెంత? దాదాపు ఏమీ లేదు. స్థానిక ఆదాయం తగ్గితే రాష్ట్రం సూత్రం ప్రకారం ఆ లోటును పూడుస్తుంది. పైగా మాఫీ వల్ల తనకు మిగిలిన సొమ్ములోంచి కంపెనీ బడికి కొంత ముట్టజెబుతుంది. 2009లో దానికి విద్యార్థికి ఏటా 100 డాలర్ల చొప్పున కళ్లెం వేశారు. 600 మంది పిల్లలుంటే 60 వేలు. పోనీ, బోర్డు ససేమిరా అన్నదనుకోండి, కంపెనీ అయినా వచ్చిందనుకోండి. ఆస్తి విలువ పెరిగిందని రాష్ట్రం తన సాయాన్ని కోసేస్తుంది. ఇక కాదనే బోర్డు ఎక్కడుంటుంది? అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. ఇక్కడ అత్త రాష్ట్ర ఖజానా. అంటే సేల్స్ టాక్స్ కట్టే మనం, 1993 నుంచి నడుస్తున్న ‘రాబిన్ హుడ్’ పద్ధతి కింద తమ మిగులును అప్పజెప్పే ప్లేనో లాంటి బడి జిల్లాలు (స్కూల్ డిస్ట్రిక్టులు).

బోర్డు సభ్యులను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. నేను ఆ కుర్చీలో ఉన్నా చేయెత్తేవాడినే. ఎందుకో చెబుతాను. రాయితీ నిర్వహణ పన్నుకే వర్తిస్తుంది. బాండ్ల అప్పు తీర్చే పన్ను మాత్రం కంపెనీ పూర్తి విలువ మీద కట్టాలి. చిన్న ఊరు కొత్త బడి భవనం కోసం బాండ్లు అమ్మితే, అప్పులో పెద్ద భాగం మరలే తీరుస్తాయి. కూలడానికి సిద్ధంగా ఉన్న తరగతి గదులు చూసిన తల్లిదండ్రులకు ఇంతకంటే ఏం కావాలి? అయితే మరల విలువ ఏటా తరుగుతుంది. పదేళ్ల తర్వాత పూర్తి పన్ను వేసే వేళకు ఆ పూర్తి విలువ సగం ముచ్చటే.

ఊళ్లో తగాదా దీనికి భిన్నమైనది. పొలం కౌలుకిచ్చిన రైతుకు ఏటా చెక్కు వస్తుంది. గట్టు అవతలి పొరుగువాడికి రాత్రంతా మిణుకుమనే ఎర్ర దీపాలు మిగులుతాయి. ‘ఉద్యోగాలేవి?’ అని అతను అడిగితే జవాబు కష్టం. పల్లె బడి జిల్లాల్లో కనీసం 10 ఉద్యోగాలు చూపాలని చట్టంలో ఉంది. గాలిమరల కంపెనీలు దానికీ మినహాయింపు అడిగి తెచ్చుకున్నాయి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

2021లో శాసనసభ చట్టాన్ని పొడిగించలేదు. 2022 డిసెంబర్ 31న గడువు ముగిసింది. ముగిసేలోపు దరఖాస్తులు వెల్లువెత్తాయి. 2023లో కొత్త చట్టం వచ్చింది. ఫ్యాక్టరీలు, గ్యాస్ విద్యుత్ కేంద్రాలు అందులో ఉన్నాయి. గాలికీ ఎండకూ చోటు లేదు. రాయితీ తప్పయితే గ్యాసుకెందుకు, ఒప్పయితే గాలికెందుకు లేదు? బడికి కంపెనీ ముట్టజెప్పే పద్ధతిని మాత్రం తీసేశారు, అది మంచి పనే. పాత ఒప్పందాలు రద్దు కాలేదు. కొన్ని 2030 దాటాక కూడా నడుస్తాయి, ఆ లోటు పూడ్చేది రాష్ట్రమే. ఇక మీ ప్రశ్నలు అడగండి.