ఇథనాల్ లేని పెట్రోలు: విశాఖ ఉప్పుగాలిలో ఏ బండికి కావాలి, ఏ బండికి దండగ

నమస్కారం అండి. టేబుల్ మీద ఏమున్నాయో ముందు చూడండి. 100 మిల్లీలీటర్ల కొలత గొట్టం, ఆర్‌ఎక్స్ 100 పాత కార్బురేటర్ (ఇంజన్‌కి పెట్రోలు, గాలి కలిపి పంపే భాగం), రెండు గాజు సీసాలు. ఒక సీసాలో ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన మామూలు బంకు పెట్రోలు, ఇంకోదాంట్లో అది లేనిదని కొనే 100 ఆక్టేన్ పెట్రోలు. ఈ రెండోది లీటరుకి 50 రూపాయల పైనే ఎక్కువ. మీ పాత స్కూటర్‌కి, ఇంట్లో జనరేటర్‌కి, తోటలో గడ్డి కోసే మిషన్‌కి అంత డబ్బు పెట్టి ఇది కొట్టించాలా వద్దా, అదీ ఈ రివ్యూ.

మా మాట ముందే చెప్పేస్తాం. రోజూ తిరిగే బండికి అక్కర్లేదు. నెలల తరబడి మూలన పడి ఉండి, అవసరమైన రోజున ఒక్క కిక్కుకి లేవాల్సిన ఇంజన్‌కి మాత్రం కచ్చితంగా కావాలి.

మన బంకుల్లో పెట్రోలులో ఇథనాల్ 2022 జూన్ నాటికి 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపింది అమ్మడం మొదలైంది, 2025కల్లా దేశమంతా అదే. ఇథనాల్ లేనిది కూడా అమ్మాలని సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌ని 2025 సెప్టెంబర్ 1న కొట్టేశారు. కాబట్టి మామూలు పంపు దగ్గర ఎంచుకునే వీలు లేదు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బళ్ళు ఈ 20 శాతానికి తగ్గ రబ్బర్లతోనే వస్తున్నాయి. వాటి ఓనర్లు నిశ్చింతగా ఉండండి. మనం మాట్లాడేది చేతక్, ఆర్‌ఎక్స్ 100, పాత స్ప్లెండర్, కార్బురేటర్ మారుతి 800 లాంటి వాటి గురించి, చిన్న ఇంజన్ల గురించి.

ఇథనాల్ లేని పెట్రోలు కావాలనుకునేవాళ్ళు కొనేవి 100 ఆక్టేన్ రకాలు: ఇండియన్ ఆయిల్ వాళ్ళ ఎక్స్‌పీ 100, హెచ్‌పీ వాళ్ళ పవర్ 100. అన్ని బంకుల్లో దొరకవు. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా ఊరికే తిరగకుండా ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. 95 అని రాసి ఉన్న ప్రీమియం పెట్రోలు చూసి ఇదీ అదే కదా అనుకోకండి. పేరులో ప్రీమియం ఉంటే ఇథనాల్ లేనట్టు కాదు. పేరు నమ్మకండి, పరీక్ష చేయండి.

పరీక్ష చాలా తేలిక. డాబా మీదో పెరట్లోనో, గాలి ఆడే చోట, దగ్గర్లో మంట గానీ స్విచ్ గానీ లేకుండా చేయాలి. గొట్టంలో సరిగ్గా 10 గీత దాకా నీళ్ళు పోసి ఒక చుక్క నీలం సిరా వేయండి. సిరా నీళ్ళలోనే ఉంటుంది, పెట్రోలులోకి పోదు, గీత స్పష్టంగా కనబడుతుంది. పైన 100 గీత దాకా పెట్రోలు. అంటే 90 మిల్లీలీటర్లు. మూత బిగించి పదిసార్లు తలకిందులు చేయండి, మధ్యలో రెండుసార్లు మూత వదులు చేసి ఆవిరి పోనివ్వండి. 10 నిమిషాలు కదపకండి.

ఇదిగో, దగ్గరగా చూపిస్తాం. పోసినప్పుడు నీలం నీళ్ళు 10 దగ్గర ఉన్నాయి. ఇప్పుడు నీలం గీత 28 దగ్గరుంది. ఆ పెరిగిన 18 మిల్లీలీటర్లూ ఇథనాలే. పెట్రోలుని వదిలేసి నీళ్ళతో కలిసిపోయింది. 18ని 90తో భాగించి 100తో గుణిస్తే 20 శాతం. ఒకటి రెండు మిల్లీలీటర్లు అటూ ఇటూ రావచ్చు, పట్టించుకోనక్కర్లేదు. ఇప్పుడు 100 ఆక్టేన్ సీసాలోది. నీలం గీత 10 దగ్గరే ఆగింది. ఈ సీసాలో ఇథనాల్ లేదు. కొత్త బంకులో కొన్న ప్రతిసారీ ఈ పరీక్ష చేసుకోండి.

చాలామందికి ఒక అపోహ ఉంది, 100 ఆక్టేన్ కొడితే బండి ఎగిరిపోతుందని. కాదండీ. ఆక్టేన్ అంటే నాకింగ్‌ని తట్టుకునే గుణం, అంతే. నాకింగ్ అంటే ఇంజన్ లోపల పెట్రోలు తనంతట తానే అంటుకుని టకటకలాడటం. పాత ఇంజన్లలో కంప్రెషన్ తక్కువ, దానికి 91 ఉన్నా సరిపోయేది. ఇక్కడ మీరు అదనంగా డబ్బు కట్టేది ఆక్టేన్‌కి కాదు, ఇథనాల్ లేకపోవడానికి.

ఇథనాల్ పాత ఇంజన్‌ని ఏం చేస్తుంది? రెండు రకాలు. ఒకటి బండి నడుస్తున్నప్పుడు, రెండోది నిలబడి ఉన్నప్పుడు.

నడుస్తున్నప్పుడు సమస్య మిక్స్‌చర్ పలచబడటం. మామూలు పెట్రోలు కిలోకి 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ ఉంటే సుమారు 13.5 చాలు. కార్బురేటర్‌కి ఆ సంగతి తెలీదు కదా, పాత లెక్కలోనే గాలి పంపిస్తుంది. దాంతో ఇంజన్ దాదాపు 8 శాతం లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందదు. పొద్దున్నే చోక్ ఎక్కువసేపు కావాలి, ప్లగ్ కొన సున్నంలా తెల్లగా వస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపలాడుతుంది. మైలేజీ కూడా తగ్గుతుంది. ఇథనాల్ లేని పెట్రోలుకి తయారై, 10 శాతానికి సర్దిన బళ్ళకి 20 శాతం కొడితే టూవీలర్లకి 3 నుంచి 4 శాతం, కార్లకి 6 నుంచి 7 శాతం దాకా తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది.

దీనికి ఖరీదైన పెట్రోలు అక్కర్లేదు, ట్యూనింగ్ చాలు. కార్బురేటర్ మీద మిక్స్‌చర్ సర్దే స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపుంటే అది గాలి స్క్రూ, పావు చుట్టు లోపలికి తిప్పండి. ఇంజన్ వైపుంటే అది పెట్రోలు స్క్రూ, పావు చుట్టు బయటికి. చాలా మంది ఇక్కడే తికమకపడి ఉన్న లీన్‌ని ఇంకా పెంచేస్తారు. నీడిల్ క్లిప్‌ని ఒక గాడి కిందికి దించితే నీడిల్ (కార్బురేటర్ లోపల పెట్రోలు కొలిచే సూది) పైకి లేస్తుంది, మధ్య స్పీడులో పెట్రోలు పెరుగుతుంది. పూర్తి స్పీడులో ఇంకా తెల్లగా వస్తుంటే మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న కన్నం ఉన్న ముక్క) ఒక సైజు పెంచి, 10 కిలోమీటర్లు నడిపి, మళ్ళీ ప్లగ్ చూడండి. లేత ఇటుక రంగు వస్తే సరిపోయినట్టు.

రబ్బర్లు మాత్రం మార్చాల్సిందే. పాత పెట్రోలు పైపు, ఫ్లోట్ నీడిల్ కొన, బౌల్ (కార్బురేటర్ అడుగు గిన్నె) ఓ-రింగ్, ట్యాంకు కింద పెట్రోల్ కాక్‌లో నాలుగు కన్నాల వాషర్: ఇథనాల్‌కి ఇవి ఉబ్బి, తర్వాత పగుళ్ళొస్తాయి. షాపులో విటాన్ రబ్బరు అని అడగండి. పైపు మీద ఎస్‌ఏఈ జె30ఆర్9 అని అచ్చు ఉంటే మంచిది. అచ్చు లేదా? 5 సెంటీమీటర్ల ముక్క కోసి మూతున్న గాజు సీసాలో పెట్రోలులో వారం రోజులు నానబెట్టండి. ముందూ తర్వాతా వెర్నియర్‌తో కొలవండి. లావెక్కినా, గోరుతో నొక్కితే జిగటగా ఉన్నా ఆ పైపు వద్దు.

ఇంకో మాట. 20 ఏళ్ళ ట్యాంకులో గోడలకి పట్టిన జిగురుని, తుప్పుని ఇథనాల్ కడిగి కిందికి తెస్తుంది. మొదటి రెండు మూడు ట్యాంకులకి జెట్ మూసుకుపోవడం మామూలే. జెట్‌లో ఇనుప తీగ పెట్టకండి, కన్నం పెద్దదైతే ఇక ఆ జెట్ పనికిరాదు. జాలరిపేటలో దొరికే సన్న గాలపు నైలాన్ దారం దీనికి బంగారం లాంటిది. ఆ తర్వాత కార్బురేటర్ క్లీనర్, గాలి.

ఇక బండి నిలబడి ఉన్నప్పుడు సంగతి. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే.

ఇథనాల్ నీళ్ళని పీల్చుకుంటుంది. మన విశాఖలో తేమ గురించి మీకు చెప్పక్కర్లేదు, బీరువాలో చెప్పులకే బూజు పడుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పగలు వేడికి గాలిని బయటికి వదులుతుంది, రాత్రి చల్లబడి తేమ గాలిని లోపలికి లాక్కుంటుంది. గాలి తేమ ఒక్కటే అయితే పాడవడానికి నెలలు పడుతుంది. మూత రబ్బరు పోయి వాన నీళ్ళు దిగితే ఒక్క రాత్రి చాలు. 10 శాతం ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలు 15 డిగ్రీల దగ్గర 5 మిల్లీలీటర్ల దాకా నీళ్ళని కలుపుకోగలదు. 20 శాతం ఉంటే ఇంకొంచెం ఎక్కువ. ఆ హద్దు దాటిందా, ఇథనాల్, నీళ్ళు కలిసి విడిపోయి అడుక్కి చేరతాయి. గొట్టంలో ఇందాక చూశారే, అదే పని మీ ట్యాంకులో జరుగుతుంది. ఇంజన్ పెట్రోలు తాగేదీ అడుగు నుంచే.

టూ-స్ట్రోక్‌కి అంటే పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడిపే ఇంజన్‌కి, ఇది ప్రాణాంతకం. ఆయిల్ పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. అడుగున చేరిన నీళ్ళ ఇథనాల్‌లో ఆయిల్ దాదాపు ఉండదు. గడ్డి మిషన్ ఆ పొరతో గనక స్టార్ట్ అయితే కాసేపట్లో పిస్టన్ పట్టేస్తుంది. పెట్రోలు ఔట్‌బోర్డ్ మోటారు వాడే పడవల వాళ్ళకీ ఇదే. నీటిని వేరు చేసే ఫిల్టర్ లేకుండా సముద్రంలోకి దిగకండి, వేటకి వెళ్ళే ముందు దాని అడుగు తప్పక చూడండి.

బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటుంది, ఇది చాలా మందికి తెలీదు. ట్యాంకులో పాత 20 శాతం పెట్రోలు అప్పటికే నీళ్ళు పీల్చి ఉందనుకోండి. దాని మీద ఇథనాల్ లేనిది పోసి బాగు చేద్దామని చూస్తే సగానికి సగం కలిసి ఇథనాల్ 10 శాతానికి తగ్గుతుంది. ఇథనాల్ తగ్గితే నీళ్ళని పట్టుకునే శక్తీ తగ్గుతుంది. అప్పటిదాకా కలిసున్న నీళ్ళు అప్పుడే విడిపోతాయి. అందుకే పాతది పూర్తిగా దించేసి, ఆ తర్వాతే కొత్తది.

ఇప్పుడు జనరేటర్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేక ఊరు ఎన్ని రోజులు చీకట్లో ఉందో మీకు గుర్తుండే ఉంటుంది. తుఫాను కోసమని కొన్న జనరేటర్ తుఫాను రోజు లేవకపోతే ఎందుకండీ? సెప్టెంబర్ మొదటి వారంలో ఇలా చేయండి. పాత పెట్రోలు ఇనుప క్యాన్‌లోకి దించండి. ఇథనాల్ లేనిది ఒకటిన్నర లీటరు పోసి, ఒక ఫ్యాన్, రెండు లైట్ల లోడు మీద 15 నిమిషాలు నడపండి. కార్బురేటర్‌లో కూడా కొత్తది నిండాలి కాబట్టి అంతసేపు. తర్వాత పెట్రోల్ కాక్ కట్టేసి దానంతట అదే ఆగేదాకా వదిలేయండి. చల్లారాక బౌల్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు, చాలా మోడళ్ళలో 10 మిల్లీమీటర్ల స్పానర్, వదులు చేసి మిగిలిన చుక్కలు కూడా దించండి. ఇదిగో, ఈ ఆర్‌ఎక్స్ బౌల్ అడుగున తెల్ల పొడి చూశారా? అలా దించకుండా వదిలేస్తే అల్యూమినియం, జింక్ తినుకుపోయి వచ్చేది ఇదే. ఒకటిన్నర లీటరుకి తేడా వంద రూపాయల లోపో కొంచెం పైనో. కార్బురేటర్ విప్పించే కూలీ కూడా దానికన్నా ఎక్కువ.

గడ్డి మిషన్‌కి పెట్రోలులో ఆయిల్ పాలు 50కి 1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. ఏది కావాలో మీ మిషన్ మూత మీద ఉంటుంది. కలిపిన పెట్రోలు రెండు నెలలు దాటనివ్వకండి. సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టండి. నెలల తరబడి ఆపే పాత స్కూటర్‌కి మాత్రం దీనికి వ్యతిరేకం. దాని ట్యాంకు ఇనుము, ఖాళీగా ఉంటే తుప్పు పడుతుంది. ఇథనాల్ లేని పెట్రోలు మూత దాకా నింపి, కాక్ కట్టేసి, బౌల్ ఖాళీ చేయండి.

ఇందాకటి పరీక్ష చూసి, నీళ్ళు పోసి ఇథనాల్ కడిగేసి మిగిలింది వాడుకుందాం అన్న ఆలోచన కొందరికి వస్తుంది. వద్దండీ. ఇథనాల్ పోతే ఆక్టేన్ పడిపోతుంది, పెట్రోలులో కొంత తడి మిగులుతుంది, పైగా ఇంట్లో లీటర్ల కొద్దీ పెట్రోలు కలపడమంటే నిప్పుతో ఆట.

నిల్వ సంగతి. అమ్మకానికి కాకపోతే లైసెన్సు లేకుండా మొత్తం 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు, 25 లీటర్లు మించని ఇనుప క్యాన్‌లో. నీళ్ళ బాటిళ్ళు అస్సలు వద్దు, బంకులో కూడా పోయరు. క్యాన్‌ని నీడలో, వంటింటికి దూరంగా, మూత గట్టిగా బిగించి పెట్టి, కొన్న తేదీ మార్కర్‌తో రాయండి. ఇథనాల్ లేకపోయినా పెట్రోలు పాతబడుతుంది. ఆరు నెలలు దాటితే రోజూ తిరిగే బండి ట్యాంకులో కొంచెం కొంచెంగా కలిపి వాడేయండి, జనరేటర్‌కి కొత్తది కొనండి. కొలత గొట్టంలో మిగిలిన నీలం నీళ్ళని మాత్రం కాలవలో పోయకండి, అందులో పెట్రోలు ఉంటుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్ పోసే మెకానిక్ షాపు డబ్బాలోనూ కలపకండి. మూతున్న సీసాలో విడిగా పెట్టి, ఇది నీళ్ళు కలిసిన పెట్రోలు అని చెప్పి, పాడైన పెట్రోలు తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి.