కొత్త డ్రైవర్లకు ప్రమాదాన్ని పసిగట్టడం నేర్పే ఆన్‌లైన్ ట్రైనింగ్: చేసి చూశాను

నమస్కారం అండీ! లైసెన్స్ చేతికొచ్చిన కొత్తలో స్టీరింగ్, గేర్లు త్వరగానే అలవాటవుతాయి. ఎటు చూడాలో మాత్రం అంత తొందరగా పట్టుబడదు. అది నేర్పుతామనే ఆన్‌లైన్ కోర్సులు రెండు పూర్తి చేశాను.

మొదటిది క్లిక్కుల రకం. కారులోంచి రోడ్డు కనిపించే వీడియో నడుస్తుంటుంది, ప్రమాదం మొదలవుతోంది అనిపించగానే నొక్కాలి. బ్రిటన్ థియరీ పరీక్షలో 2002 నుంచి ఉన్న పద్ధతి ఇదే. కారు లైసెన్స్‌కి 14 వీడియోలు, 75 మార్కులు, 44 వస్తే పాస్. అక్కడ ఊరికే టకటకా నొక్కుతూ పోతే ఆ వీడియోకి సున్నా. నేను చేసిన కోర్సులో ఆ కట్టడి లేదు. తెర వైపు చూడకుండానే నొక్కుతూ పోయాను, 'అద్భుతం' అని మెచ్చుకుంది! నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

రెండోది నన్ను కూర్చోబెట్టేసింది. వీడియో నడుస్తూ నడుస్తూ ఆగి, తెర నల్లబడుతుంది. ఇప్పుడేం జరగబోతోందో చెప్పాలి. ఒకచోట జీబ్రా క్రాసింగ్ ముందు లారీ ఆగి ఉంది. నేను లారీ కదులుతుందేమో అనుకున్నాను. చూడాల్సింది లారీ ముందు అంచు. దాని చాటు నుంచి మనిషి రావచ్చు. ఇంకా ఎవరూ కనబడలేదు, అయినా ముందే అనుమానించాలి. క్లిక్కుల వీడియోలో మనిషి కనిపించాక నొక్కినా కొన్ని మార్కులు పడతాయి. రోడ్డు మీద అలా కుదరదు కదా. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు కారు దాదాపు 17 మీటర్లు పోతుంది.

ఇలాంటి ట్రైనింగ్ నిజంగా పనిచేస్తుందా? కాలిఫోర్నియాలో కొత్తగా లైసెన్స్ పొందిన 16 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 'రాప్ట్' అనే కంప్యూటర్ ట్రైనింగ్ ఇచ్చి చూశారు. ట్రైనింగ్ తీసుకోనివాళ్లతో పోలిస్తే తర్వాతి ఏడాదిలో అబ్బాయిల ప్రమాదాలు సుమారు 24 శాతం తక్కువ. అమ్మాయిల్లో మాత్రం తేడా కనబడలేదు. కాబట్టి మంత్రదండం అనుకోకండి. బ్రేక్ మీద కాలు ఎంత మెల్లగా వేయాలో ఇది నేర్పదు.

ఫోన్‌లో మాత్రం చేయొద్దు, చిన్న తెరలో పక్కదారులు కనిపించవు. రెండో రకానికి నేనిచ్చే మార్కులు పదికి ఎనిమిది. కోర్సయ్యాక పక్కన అనుభవం ఉన్నవాళ్లను కూర్చోబెట్టుకుని, కంటికి కనిపించే ప్రతి అనుమానాన్నీ పైకి చెబుతూ బండి నడపండి. మా తమ్ముడితో అలాగే చేయించాను. ఐదు నిమిషాలకే "గొంతెండిపోతోందిరా, నీళ్లు ఇవ్వు" అన్నాడు.