రోజుకో ఫొటో, అదీ మన వీధిలోనే

సభకు నమస్కారం.

ఈ ఉక్కపోతలో, సాయంత్రం పూట, ఫొటోల గురించి వినడానికి ఇంతమంది వస్తారని నేననుకోలేదు. గ్రంథాలయం వాళ్ళు పిలిచినప్పుడే చెప్పాను, నేను ఫొటోగ్రాఫర్ని కాదండీ, బడిలో ఫిజిక్సు చెప్పి రిటైరైన వాణ్ణి అని. "అందుకే పిలుస్తున్నాం మాస్టారూ, ఫొటోగ్రాఫర్లయితే లెన్సుల ధరలు చెబుతారు" అన్నారు. సరే, లెన్సుల జోలికి పోను.

నేను చెప్పాలనుకున్నది ఒక అలవాటు గురించి. రోజుకో ఫొటో తీయడం. అందుకోసం అరకు వెళ్ళనక్కర్లేదు. మీ ఇంటికీ రైతుబజారుకీ మధ్యలోనే తీయాలి. పిట్టగోడ, మందుల షాపు మెట్లు, కాలవ గట్టు, పాలప్యాకెట్ల ట్రేలు. ఎవరికైనా ఈ మాట చెప్పగానే వచ్చే మొదటి ప్రశ్న, "అక్కడేముందని తీస్తాం?"

ఏమీ లేదనుకున్న చోటే ఫొటోగ్రఫీ పుట్టింది. ఈనాటికీ నిలిచి ఉన్న ఫొటోల్లో అన్నిటికంటే పాతది ఫ్రాన్సులో నీసెఫోర్ నీయెప్స్ అనే ఆయన తీసింది, 1826-27 ప్రాంతంలో. అందులో రాజు లేడు, కోట లేదు. వాళ్ళింటి మేడ కిటికీలోంచి కనిపించే కప్పులు, గోడలు, అంతే. తగరం కలిపిన రేకు మీద ఒక రకం తారు పూసి, గంటల తరబడి ఎండకు వదిలేశాడు. ఆ లోపల సూర్యుడు ఇటునుంచి అటు పోయాడు కాబట్టి ఎదురెదురు గోడలు రెండిటి మీదా ఎండ కనిపిస్తుంది! ఇప్పుడది అమెరికాలో, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఉంది.

1838లో డాగర్ అనే ఇంకో ఫ్రెంచాయన పారిస్‌లో ఒక రోడ్డును మేడమీంచి తీశాడు. ఎప్పుడూ బళ్ళతో, జనంతో కిటకిటలాడే రోడ్డది. కానీ ఫొటోలో రోడ్డంతా ఖాళీ. ఎక్స్‌పోజరు, అంటే రేకు మీద వెలుతురు పడనిచ్చే సమయం, నిమిషాల కొద్దీ పట్టడంతో కదిలినవేవీ రేకు మీద పడలేదు. ఒక మూల మాత్రం ఒక మనిషి దొరికిపోయాడు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు కదపకుండా నిలబడ్డాడు పాపం. ఫొటోలో గుర్తుపట్టగలిగేలా పడ్డ మొదటి మనిషి ఆయనే అంటారు. పేరెవరికీ తెలియదు. చరిత్రలోకి ఎక్కాలని బయల్దేరినవాడు కూడా కాదు, బూట్లకు మట్టి అయిందని ఆగాడు.

మన దగ్గర కథ వేరుగా నడిచింది. ఆరో నిజాం ఆస్థానంలో రాజా దీన్ దయాళ్ తీసిన ఫొటోలు చూడండి: భవంతులు, వేటలు, దొరలు, దర్బారులు. అద్భుతమైన పనితనం, సందేహం లేదు. ఆ తర్వాత ఫొటో మన ఇళ్ళకొచ్చినా ఆ దర్బారు పద్ధతి పోలేదు. స్టూడియోకి వెళ్ళడం, పౌడరు రాసుకోవడం, తెర ముందు బిగుసుకుపోయి కూర్చోవడం. రీలుకి 36 ఫొటోలు, రీలు డబ్బులు ఒకటి, కడిగించే డబ్బులు ఇంకొకటి. కాబట్టి పెళ్ళి, అన్నప్రాసన, ఓణీల ఫంక్షను తప్ప దేనికీ బటన్ నొక్కేవాళ్ళం కాదు. మా ఇంట్లో పెళ్ళి ఆల్బములు బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. మా అమ్మ నలభై ఏళ్ళు వంట చేసిన వంటిల్లు మాత్రం ఒక్క ఫొటోలోనూ లేదు. మామయ్య భుజం వెనక, తలుపు సందులోంచి రుబ్బురోలు అంచు కాస్త కనిపిస్తుంది. మా చెల్లెలూ నేనూ దాన్నే పెద్దది చేసి చూసుకుంటుంటాం. మామయ్యను ఎవరూ చూడరు.

ఇవాళ రీలు ఖర్చు లేదు, అందరి జేబులోనూ కెమెరా ఉంది. అయినా ఏం తీస్తున్నాం? మళ్ళీ ఫంక్షన్లే. ఇడ్లీ ప్లేటు ఒకటి అదనం.

ఈ అలవాటు విషయంలో నాకు గురువు అనదగ్గ వ్యక్తి న్యూయార్క్‌లో ఉండేవాడు, జేమీ లివింగ్‌స్టన్. 1979 మార్చి 31న మొదలుపెట్టి రోజుకొకటి చొప్పున పోలరాయిడ్ ఫొటో తీశాడు. పోలరాయిడ్ అంటే తెలుసుగా, నొక్కగానే కాగితం బయటికి వస్తుంది, బాగాలేదని చెరిపేసే వీల్లేదు. ఆయన నియమం, రోజుకు ఒక్కటే. మంచి దృశ్యం మధ్యాహ్నం దొరికినా, ఉదయమే తీసేసి ఉంటే అంతే సంగతులు. స్నేహితులు, భోజనం బల్ల, వీధి, టీవీ తెర, ఏది దొరికితే అది. అలా 6,000కు పైగా తీశాడు. చివరి ఫొటో 1997 అక్టోబరు 25. ఆ రోజే మెదడులో కణితితో పోయాడు. అది ఆయన 41వ పుట్టినరోజు కూడా. తర్వాత స్నేహితులు వాటన్నిటినీ వరసగా గోడ మీద పెట్టి 2007లో ప్రదర్శన చేశారు. ఆ ఫొటోల్లో విడిగా చూస్తే గొప్పగా అనిపించేవి తక్కువే. వరసలో చూస్తే మాత్రం పక్కకు కదలలేం. నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే: మామూలు ఫొటోకి బలం తేదీ వల్ల, పక్కనున్న ఫొటో వల్ల వస్తుంది. తీసినవాడి పనితనం తర్వాతి సంగతి.

అందుకని నా సలహా కాస్త మొండిగా ఉంటుంది. కొత్త కొత్త చోట్లకు పోకండి. ఒక చోటు పట్టుకోండి, వారంలో సగం రోజులైనా అక్కడే నిలబడండి. నేను పట్టుకున్నది బందరు కాలవ మీద ఒక చిన్న వంతెన. విజయవాడలో మనకు మూడు కాలవలున్నా, బందరు, ఏలూరు, రైవస్, ముక్కు మూసుకుని దాటడమే కానీ ఎవరం ఆగి చూడం. ఆగి చూస్తే ఏడాదంతా అదొక నాటకం. ఎండాకాలంలో నీళ్ళు కట్టేస్తారు. అడుగు బయటపడుతుంది: ఎండి తాళ్ళలా చుట్టుకున్న గుర్రపుడెక్క, టైర్లు, కిందటేడు నిమజ్జనం చేసిన వినాయకుడి లోపలి ఇనపచువ్వలు. చువ్వల్ని కొట్టి తీసుకుపోవడానికి సుత్తులతో దిగే మనుషులు రెండు మూడు రోజులే కనిపిస్తారు. తర్వాత బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలిన రోజు ముందుగా నురగ, దాని వెనక చెత్తంతా ఒక గుంపుగా కదిలి వస్తుంది. కృష్ణకు వరద నీళ్ళొచ్చినప్పుడు కాలవ ఎర్రమట్టి రంగు. సంక్రాంతి నాటికి ఆకుపచ్చ. ఇవన్నీ నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసనే అనుకున్నాను. ఏది ఏ వారంలో జరుగుతుందో ఫొటోలు చూసుకున్నాకే తెలిసింది.

ఇక్కడ పాత మాస్టారు బయటికొస్తాడు, క్షమించాలి. మీ ఇంటి ఉత్తరపు గోడను ఏడాది పొడుగునా మధ్యాహ్నం పన్నెండు దాటాక ఒకే చోటి నుంచి తీయండి. చాలా నెలలు ఆ గోడ నీడలోనే ఉంటుంది. మే మొదటి వారం వచ్చేసరికి విజయవాడలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు, ఆ రోజు నిలువు స్తంభానికి నీడ ఉండదు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. అందుకని ఆ మూడు నెలలే ఉత్తరపు గోడ మీద నడిమధ్యాహ్నం ఎండ పడుతుంది. తూర్పు కిటికీ ఉన్నవాళ్ళు సూర్యోదయం తీయండి. జూన్‌లో సరిగ్గా తూర్పుకు సుమారు 24 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో అంతే దక్షిణంగా పొడుస్తాడు. ఉత్తరాయణం, దక్షిణాయనం అని పంచాంగంలో చదివిందే, ఎదురింటి వాటర్ ట్యాంకుకు ఆ పక్కా ఈ పక్కా కనిపిస్తుంది. తరగతిలో బొమ్మ గీసి ఎన్నేళ్ళు చెప్పినా పిల్లల మొహాల్లో రాని వెలుగు, ఇలాంటి రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే వస్తుంది.

సింగ్‌నగర్‌లో నాకు తెలిసిన ఒకావిడ ఉంది, కుట్టుమిషను పని. నా మాట విని రోజూ తన వాకిట్లో ముగ్గుని ఫొటో తీయడం మొదలుపెట్టింది. ముగ్గు వెనక ప్రహరీ గోడ కూడా పడేది, లేత నీలం రంగు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి వీధులు వీధులే మునిగిపోయాయి. అటు కృష్ణలోనూ 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. ఆ రోజుల్లో ఆవిడ మేడ మీద వాళ్ళింట్లో తలదాచుకుంది, ఫొటోల్లేవు. నీళ్ళు తీశాక మళ్ళీ మొదలుపెట్టింది. మొదటి దాంట్లో ముగ్గు లేదు, బురద. గోడ మీద తలకంటే ఎత్తులో నీటి గీత, దాని కింద రంగు మట్టికొట్టుకుపోయి ఉంది. తర్వాతి వారాల్లో చెమ్మ మెల్లగా కిందికి దిగుతుంది, ఇటుకల్లోంచి తెల్లటి ఉప్పు బయటికొస్తుంది, నీలం రంగు పెచ్చులుగా ఊడుతుంది. పరుపులు గోడ మీద ఆరేసి ఉంటాయి, ఒక రోజు కుట్టుమిషను తల విప్పి ఎండలో పెట్టి ఉంటుంది. చుక్కలు పెట్టిన ముగ్గు దసరా దగ్గర పడ్డాక గానీ రాదు. గోడకు సున్నం సంక్రాంతికి. పేపర్లలో వచ్చిన ఫొటోలు పడవలవి, హెలికాప్టర్లవి. నీళ్ళు పోయాక ఇల్లు ఆరడానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పే ఫొటోలు నేను ఆవిడ ఫోనులోనే చూశాను.

ఇక తీసే పద్ధతి, త్వరగా చెప్పేస్తాను. ముందు లెన్సు తుడవండి. సగం ఫొటోలు మసకగా రావడానికి కారణం మన వేలిజిడ్డే. తెర మీద గళ్ళు వచ్చేలా సెట్టింగ్ పెట్టుకుంటే గోడలు ఒరగవు. ఆకాశం తెల్లగా తేలిపోతుంటే, వెలుతురున్న చోట తెర మీద వేలు నొక్కి పట్టుకోండి, చాలా ఫోన్లలో ఫోకసూ వెలుతురూ అక్కడ నిలబడిపోతాయి. జూమ్ చేయకండి, రెండడుగులు ముందుకు వేయండి. పది తీసినా సాయంత్రానికి ఒక్కటే ఉంచి మిగతావి చెరిపేయండి. ఈ ఎంచుకోవడమే అన్నిటికంటే కష్టం, నేర్పేది కూడా అదే. ఎంచుకున్న దానికి ఒక లైను రాయండి: ఎక్కడ, ఏమిటి. "మనోహర ప్రభాతం" లాంటివి వద్దు. "టమాటా కిలో ఎంత, బోర్డు మీద" అని రాస్తే పదేళ్ళ తర్వాత మీ మనవలు ఎగబడి చదువుతారు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చిక్కిపోతుంది, దాంతో పాటు కెమెరా రాసిన తేదీ, సమయం లాంటి వివరాలూ ఊడిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. మనకు తేదీయే ప్రాణం కాబట్టి అసలు ఫైళ్ళు ఫోనులో కాకుండా ఇంకో రెండు చోట్ల దాచండి. ఫొటో నాలుగు ఎంబీ అనుకున్నా రోజుకొకటి చొప్పున ఏడాదికి ఒకటిన్నర జీబీ దాటదు. అంత చోటు దాచుకోలేమా?

మనుషుల్ని తీసేటప్పుడు అడగండి. వంతెన పక్క టీ బండాయన్ని "ఒక ఫొటో తీసుకోనా బాబాయ్?" అంటే, "దేనికి, మున్సిపాలిటీ వాళ్ళకా?" అన్నాడు. ఆ భయం అబద్ధం కాదు, రోడ్డు వెడల్పు అన్నప్పుడల్లా ముందు లేచేది ఆయన బండే. ప్రింటు తీయించి ఇచ్చాక ఆ అనుమానం పోయింది, పాల క్యాన్ పక్కన అతికించుకున్నాడు. కొందరు వద్దంటారు, వదిలేయాలి. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, ఆసుపత్రి వరండాలు, ఎవరి పిల్లలో తెలియని పిల్లలు, వీటి దగ్గర ఫోను జేబులోనే ఉండాలి. వీధిలో ఉన్నంత మాత్రాన మనిషి మన సొత్తు కాదు.

విసుగు రాదా అంటే, తప్పకుండా వస్తుంది. రెండో నెలలో ఖాయం. నాకు మొదట్లో ఫేస్‌బుక్‌లో పెట్టాలనిపించేది. లైకులు వచ్చిన ఫొటోల్లాంటివే మళ్ళీ తీయబుద్ధి అవుతుందని గమనించి మానేశాను. ఒక రోజు తప్పితే తప్పనివ్వండి, నిన్నటి తేదీ వేసి ఇవాళ తీయడం మాత్రం వద్దు.

గ్రంథాలయం వాళ్ళు ఈ హాలు వెనక గోడ ఇస్తామన్నారు. ఈ నెల నుంచి ఎవరైనా నెలకొక ఫొటో, పోస్టుకార్డు సైజులో, వెనక తేదీ, చోటు రాసి లైబ్రేరియన్ గారికి ఇస్తే అక్కడ వరసగా పెడతాం. చోటు మాత్రం మీ వీధి దాటకూడదు. తాజ్‌మహల్ తెచ్చినవాళ్ళని మర్యాదగా వెనక్కి పంపిస్తాం. ఇక మీరు అడగండి. ముందు వరసలో ఆ అబ్బాయి ఇందాకటి నుంచీ చెయ్యెత్తి ఉన్నాడు, చెప్పు బాబూ.