కడప బండల మీద యోగా: మొదలుపెట్టాక మానకుండా ఉండాలంటే

[తెరపై: తెల్లవారుజాము. కడపలో ఒక మిద్దె. పిట్టగోడ పక్కన చాప పరుస్తున్న చేతులు.]

నమస్కారం. ఏటా జూన్ 21 వచ్చిందంటే మన కడపలోనూ మైదానాల నిండా చాపలు పరుచుకుంటాయి. 2015లో మొదటి యోగా దినోత్సవం జరిగినప్పటి నుంచీ ఇదే సందడి. ఆ రోజు అందరిచేతా చేయించే కార్యక్రమం సుమారు 45 నిమిషాలు ఉంటుంది. ఆ ఊపులో చాలామంది మర్నాటి నుంచి ఇంట్లోనూ రోజూ 45 నిమిషాలు చేయాలనుకుంటారు. జూలై సగం కాకముందే చాప బీరువా మీదికి ఎక్కుతుంది.

నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో ఒళ్ళు వంగక మానేసినవాళ్ళు తక్కువ. పొద్దున టైం కుదరక మానేసినవాళ్ళే ఎక్కువ. అందుకే ఆసనాల జోలికి వెళ్ళేముందు మీ ఇంట్లో పొద్దుటిపూట ఎలా గడుస్తుందో చూద్దాం.

[తెరపై: గోడ గడియారం. కొళాయి కింద నిండుతున్న బిందె.]

మీ వీధికి కొళాయి నీళ్ళు ఎన్నింటికి వస్తాయి? పాలు ఎప్పుడు పోయించుకుంటారు? పిల్లల స్కూలు ఆటో ఎన్నింటికి? ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఆరింటికి నీళ్ళొచ్చే ఇంట్లో ఆరింటికి యోగా పెట్టుకుంటే మొదటి వారంలోనే ఆగిపోతుంది. ఇల్లు నడిపే ఆడవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ఎవరూ మిమ్మల్ని పిలవని 15 నిమిషాలు రోజులో ఎక్కడున్నాయో వెతకండి. అది తెల్లవారకముందే కానక్కర్లేదు. సాయంత్రం వంట మొదలుపెట్టే ముందైనా సరే.

కడుపు మాత్రం తేలికగా ఉండాలి. ఉగ్గాని, బజ్జీ తింటే రెండు మూడు గంటలు, రాగి సంగటితో కడుపు నిండా భోంచేస్తే మూడు నాలుగు గంటలు ఆగండి. షుగర్ మందులు వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో చేయవచ్చో లేదో డాక్టర్ని అడిగి తెలుసుకోవాలి. ఈ ఒక్క విషయం నిర్లక్ష్యం చేయొద్దు.

ఇక ఎండ. మన దగ్గర మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. పొద్దుగూకింది కదా అని మిద్దె ఎక్కితే, పగలంతా పీల్చుకున్న వేడిని స్లాబు వదులుతూనే ఉంటుంది. రాత్రంతా చల్లారి చల్లారి తెల్లవారుజాముకే హాయిగా ఉంటుంది. వేసవిలో మిద్దె మీద చేయాలంటే సూర్యోదయానికి ముందే ముగించండి. లేదంటే ఇంట్లోనే చేయండి.

[తెరపై: నల్లటి బండల నేల. దాని మీద జంపఖానా కాలితో తోస్తే జారిపోతుంది.]

ఇంట్లో అంటే చాలామందికి కడప బండలే. చల్లగా, నున్నగా ఉంటాయి. శవాసనానికి, అంటే వెల్లకిలా కదలకుండా పడుకోవడానికి, ఇంతకంటే మంచి నేల దొరకదు. కానీ చెమట పడితే జారుతుంది, మోకాలు ఆనిస్తే నొప్పి పుడుతుంది. పల్చటి జంపఖానా పరిస్తే అదీ జారుతుంది, చూశారుగా. ఖరీదైన మ్యాట్ కొన్నాకే మొదలుపెడదామని ఆగొద్దు. నిలబడి చేసేవి పొడిగా తుడిచిన బండ మీద వట్టి కాళ్ళతోనే చేయండి. మోకాళ్ళు ఆనించేటప్పుడు కింద దుప్పటి నాలుగు మడతలు వేసుకోండి.

[తెరపై: దగ్గరగా, బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి. మోకాళ్ళు పైకి లేచి ఉన్నాయి.]

ఆ దుప్పటితోనే ఇంకో పని ఉంది. ఈ మోకాళ్ళు చూడండి, తుంటి కంటే ఎత్తులో ఉన్నాయి. అప్పుడు నడుము వెనక్కి జారి వీపు గూనిగా వంగుతుంది. రెండు నిమిషాలకే నడుము లాగేస్తుంది. నిటారుగా కూర్చోండని ఎంత చెప్పినా లాభం లేదు. ఇప్పుడు పిరుదుల కింద దుప్పటి మడత పెడుతున్నాను. మోకాళ్ళు కిందికి దిగాయి. వెన్ను దానంతటదే లేచింది. ఆసనం స్థిరంగానూ సుఖంగానూ ఉండాలన్నాడు యోగసూత్రాలు రాసిన పతంజలి. ఆ సుఖం కోసం దుప్పటి వాడుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ఇలా కూర్చుని ముక్కుతో మెల్లగా పది ఊపిరులు తీసి వదలండి. తర్వాత లేచి తాడాసనం, అంటే కాళ్ళు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడటం. ఆపైన సూర్యనమస్కారాలు మూడు, తొందర లేకుండా. ఒక్కోదాంట్లో 12 భంగిమలు ఉంటాయి. వంగేటప్పుడు ఊపిరి వదలడం, వెనక్కి విరిచేటప్పుడు తీసుకోవడం, మొదట్లో ఇంత గుర్తుంటే చాలు. చేతులు నేలకు అందకపోతే మోకాళ్ళు వంచండి, అందుతాయి. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తే సేతుబంధాసనం, చివర్లో మూడు నిమిషాలు శవాసనం. టైం చాలక చాలామంది ముందు ఎగ్గొట్టేది శవాసనమే. కావాలంటే ఒక నమస్కారం తగ్గించుకోండి, దీన్ని మాత్రం వదలొద్దు. ఒళ్ళు కుదుటపడేది ఇక్కడే.

కండరం లాగినట్టుంటే ఫరవాలేదు. కీలులో పొడిచినట్టున్నా, నడుము నుంచి కాలికి జివ్వుమని నొప్పి దిగినా వెంటనే ఆపేయండి. బీపీ, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు వీడియోలు చూసి శీర్షాసనం, ఊపిరిని గబగబా బయటికి నెట్టే కపాలభాతి, ఊపిరి బిగబట్టే ప్రాణాయామం చేయకూడదు. ఎవరైనా సరే, కనీసం మొదటి కొన్ని రోజులు గురువు ఎదురుగా చేయడం మంచిది. మన భుజం ఎటు వంకరగా ఉందో మనకు కనపడదు.

[తెరపై: గోడకు ఆనించిన ప్లాస్టిక్ కుర్చీ.]

“కింద కూర్చోలేను నాయనా, మోకాళ్ళు పట్టేసినాయి” అనే అవ్వలకు, తాతలకు కుర్చీ ఉంది. చేతులు లేపడం, నడుము తిప్పడం, మడమలు ఎత్తి దించడం అన్నీ కూర్చునే చేయొచ్చు. బండ మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, గోడకు ఆనించి వేయండి. అవ్వ పక్కనే మీరూ చేస్తే ఇద్దరికీ మానబుద్ధి కాదు.

[తెరపై: గోడ మీద తెలుగు క్యాలెండర్. తేదీల మీద పెన్నుతో టిక్కులు.]

మొదలుపెట్టిన ప్రతివాళ్ళకూ ఆగిపోయే వారం ఒకటి వస్తుంది. పెద్ద దర్గా ఉరుసుకు చుట్టాలు దిగుతారు. దేవుని కడపలో బ్రహ్మోత్సవాలు వస్తాయి. ప్రొద్దుటూరులో పెళ్ళి ఉంటుంది, పిల్లాడికి జ్వరం వస్తుంది. అలాంటి రోజుల కోసం ఒక చిన్న పద్ధతి ముందే అనుకుని పెట్టుకోండి: ఒక సూర్యనమస్కారం, ఒక నిమిషం శవాసనం. చుట్టాలింట్లోనైనా తలుపేసుకుని చేయొచ్చు. అది చేసినా క్యాలెండర్లో టిక్కు పెట్టుకోండి. పూర్తిగా చేసిన రోజుకూ దీనికీ తేడా చూడొద్దు.

అయినా నెల రోజులు పోయిందా? పోయిన రోజులన్నీ ఒకేసారి చేసెయ్యాలని చూడొద్దు, నడుము పట్టేది అప్పుడే. మూడు నమస్కారాలు చేసేవాళ్ళు ఒకటితో మొదలుపెట్టండి. వారం తర్వాత రెండు చేయండి. చాప మాత్రం బీరువా మీది నుంచి ఈ రాత్రే దించి మంచం పక్కన పెట్టుకోండి.