పొయ్యి ఎందుకు ఆగిందో ముందు చూడండి

(పలాసలో హోటళ్లు, హాస్టళ్ల వంటవాళ్ల సమావేశంలో ఇచ్చిన ప్రసంగం)

అమ్మలకీ, అన్నలకీ, తమ్ముళ్లకీ నమస్కారం. పొద్దున్న టిఫిన్లు ముగించుకుని వచ్చారు, మళ్లీ సాయంత్రం వంటకి వెళ్లాలి. అందుకని సూటిగా విషయంలోకి వస్తాను.

పెల్లెట్ పొయ్యిలు, అంటే రంపపుపొట్టు, ఊక లాంటివి నొక్కి చేసిన చిన్న గుళికలతో మండే పొయ్యిలు బాగుచెయ్యడం నా పని. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించేది ఒకటే మాట: "పెల్లెట్లు పడటం లేదు, గంటలో అన్నం దింపాలి, తొందరగా రా." ఆ టెన్షన్ ఎలాంటిదో నాకు తెలుసు. చెయ్యకూడని పనులన్నీ మనం ఆ గంటలోనే చేస్తాం. ఈరోజు ఆ గంట గురించే మాట్లాడతాను.

ఈ పొయ్యి పనితనం చాలా తేలిక. పెల్లెట్లు పోసే తొట్టి అడుగున ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని గేర్ మోటారు నెమ్మదిగా తిప్పుతుంది. స్క్రూ తోసిన పెల్లెట్లు మంట గిన్నెలో పడతాయి, బ్లోయర్ గాలి ఊదుతుంది. పెల్లెట్లు పడటం ఆగినప్పుడు వెంటనే చెయ్యి పెట్టకండి. ఒక నిమిషం నిలబడి చూడండి, వినండి.

మోటారు తిరుగుతోంది, స్క్రూ తిరుగుతోంది, అయినా పెల్లెట్లు రావడం లేదనుకోండి. తొట్టిలోకి చూస్తే నిండుగానే కనిపిస్తుంది. కానీ అడుగున పొడి, చెమ్మ కలిసి గట్టిపడి వంతెనలా నిలబడిపోయి ఉంటాయి. దాని కింద ఖాళీ. ప్లగ్ పీకి, కర్రతో కదిపితే దిగిపోతుంది. మోటారు తిరుగుతూ స్క్రూ తిరగకపోతే రెండింటినీ కలిపే పిన్ను విరిగిందనో, బోల్టు వదులైందనో అర్థం. కొన్ని పొయ్యిల్లో ఆ పిన్నును కావాలనే మెత్తగా పెడతారు. స్క్రూ బిగుసుకుంటే మోటారు కాలిపోకుండా అది విరగాలి. దాని స్థానంలో గట్టి మేకు కొట్టొద్దు. మోటారు గుర్రుమంటూ తిరగలేకపోతుంటే స్క్రూలో రాయో, పొడవాటి పెల్లెట్టో, ఉబ్బిన పొడో ఇరుక్కుని ఉంటుంది. లేదా వోల్టేజీ పడిపోయి ఉంటుంది. మన ఊళ్లలో సాయంత్రం పూట ఇది మామూలే, అదీ ఒకసారి చూసుకోండి.

ఇక మోటారులో చప్పుడే లేదు, బ్లోయర్ మాత్రం తిరుగుతోంది. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఇలాంటప్పుడు ఫ్యూజు పోయి ఉండొచ్చు, మోటారే కాలిపోయి ఉండొచ్చు. కానీ చాలాసార్లు ఏదో ఒక భద్రతా స్విచ్ ఆ మోటారుని ఆపి ఉంటుంది. తొట్టి మూత సరిగ్గా పడకపోతే ఒక స్విచ్, పొగ గొట్టం మూసుకుపోతే ఇంకొకటి, పొయ్యి మరీ వేడెక్కితే వేరొకటి మోటారుని ఆపుతాయి. "ఈ స్విచ్చే గొడవ, తీసేసి వైర్లు కలిపెయ్" అని నన్ను అడిగినవాళ్లు చాలామంది. ఒకసారి నేను అలాగే కలిపాను. ఒక హాస్టల్ వంటగదిలో మూత స్విచ్ పదేపదే ఆపేస్తోందంటే వైరు ముక్కతో కలిపేసి వచ్చాను. కొన్నాళ్లకి మూత సగం తెరిచి ఉండగానే పొయ్యి నడిచింది. తొట్టి మూసి ఉంటేనే గాలి గిన్నెలోకి సరిగ్గా వెళ్తుంది. తెరిచి ఉంటే గాలి వెనక్కి, తొట్టి వైపు పోతుంది. ఆ గాలితో నిప్పు స్క్రూ మీదుగా తొట్టిలోకి పాకింది. నీళ్లు తెచ్చి ఆర్పబోయిన వంటావిడ చెయ్యి కాలింది. ఆ తప్పు నాది. అప్పటినుంచి ఏ స్విచ్‌నీ కలపలేదు, ఎంత డబ్బిస్తామన్నా కలపను.

పొగ గొట్టానికి సంబంధించిన స్విచ్ ఆపిందంటే గొట్టం శుభ్రం చెయ్యండి, దానికి వెళ్లే రబ్బరు ట్యూబు పగిలిందేమో చూడండి. ఆ స్విచ్ వైర్లు కలిపేస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదిలో నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వంటగదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే ఎండదెబ్బ అనుకోకండి. అందరూ బయటికి రండి, ఆసుపత్రికి వెళ్లండి.

కరెంటు పోయినప్పుడూ ఇదే భయం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మన తీరాన్ని దాటాక ఎన్ని ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కరెంటు పోగానే బ్లోయర్ ఆగుతుంది, గిన్నెలో పెల్లెట్లు మాత్రం నివురుగప్పి పొగ వదులుతూనే ఉంటాయి. తలుపులు, కిటికీలు తెరవండి. బ్లోయర్‌కి చిన్న ఇన్వర్టర్ ఉంటే గిన్నెలో ఉన్నది పూర్తిగా కాలేదాకా గాలి ఊదుతుంది.

ఇప్పుడు పెల్లెట్ల సంగతి. చెమ్మ 10 శాతం లోపు ఉండాలి. సముద్రం పక్కన ఉన్నాం, గోడకి ఆనించి నేల మీద పెట్టిన బస్తా వానాకాలంలో ఇట్టే తేమ పడుతుంది. చెక్కల మీద ఎత్తుగా పెట్టండి. పెల్లెట్‌ని విరిస్తే టక్కుమని విరగాలి. నలిపితే పొడి రాలేది వద్దు. ఊకతో చేసినవాటిలో బూడిద ఎక్కువ, పైగా ఎక్కువ వేడికి అది గడ్డకట్టి చిట్టెం కట్టొచ్చు. ఆ చిట్టెం గిన్నె చిల్లుల్ని మూసేస్తుంది. అప్పుడు మంట చిక్కి పెల్లెట్లు కుప్పపడతాయి. స్క్రూ ఎక్కువ తోస్తోందని పొరపాటు పడకుండా గిన్నె గీకండి.

మన పలాసకి మాత్రమే చెప్పాల్సిన మాట ఒకటుంది. జీడి పిక్కల తొక్క చవకగా దొరుకుతుందని కొందరు పెల్లెట్లలో కలుపుతున్నారు. దయచేసి కలపకండి. ఆ తొక్కలో నూనె ఉంది, అది వేడికి కారి స్క్రూని జిగురులా పట్టేస్తుంది. ఆ నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుందని పిక్కలు కొట్టే అక్కలకి నాకంటే బాగా తెలుసు. పొగ ఘాటు కళ్లనీ, గొంతునీ పట్టేస్తుంది. ఆ తొక్కకి తగ్గ బట్టీలు వేరే ఉన్నాయి.

మంట అందుకోలేదని మళ్లీ స్టార్ట్ చేసే ముందు గిన్నెలో పడ్డ పెల్లెట్లు తీసెయ్యండి. వాటిని తొట్టిలోకి తిరిగి పొయ్యకండి, లోపల నిప్పు ఉండొచ్చు. కిరసనాయిలు అసలొద్దు, గిన్నెలో చేరిన పొగ ఒక్కసారిగా అంటుకుని ముఖం మీదికి వస్తుంది. బూడిదని మూతున్న ఇనుప బకెట్లో, ఇంటికి దూరంగా పెట్టండి. చల్లారినట్టే ఉంటుంది, మర్నాటికి కూడా లోపల నిప్పు బతికే ఉంటుంది.

ఇక మాటలు చాలు. ఇదిగో, ఇక్కడ పెట్టిన పొయ్యిలో స్క్రూ బిగుసుకుంది. ప్లగ్ పీకాను, మీరూ చూసుకోండి. ఒకరు ముందుకి రండమ్మా, మీ చేత్తోనే విప్పిద్దాం.