అద్దంలో పూలజడ

(ఫోటోగ్రఫీ దినోత్సవం నాడు నెల్లూరులో యువ ఫోటోగ్రాఫర్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పాత ఫ్యాషన్ ఫోటోలు, కొత్త ఫ్యాషన్ ఫోటోల గురించి మాట్లాడమన్నారు. పాతవే గొప్పవని చెప్పి దిగిపోతానని అనుకున్నారేమో. నేను ఇప్పటికీ మెడలో కెమెరా వేసుకుని పెళ్లిళ్లకు పోతున్నవాణ్ణి. డిజిటల్‌ని తిట్టి ఇంటికి పోతే రేపు నాకు అన్నం ఎవరు పెడతారు?

మా నాన్నకు కావలిలో స్టూడియో ఉండేది. ఒక గది, దాని వెనక డార్క్‌రూమ్, మెట్లూ పూలకుండీలూ పెయింటు వేసిన తెర, ఒక నిలువుటద్దం. అంతే. అన్నం కలుపుకునేటప్పుడు కూడా ఆయన వేళ్లకు హైపో, అంటే ఫోటోలు కడిగే మందు, వాసన వదిలేది కాదు. ఫ్యాషన్ ఫోటో అనే మాట ఆయన విని కూడా ఉండడు. కానీ మల్లెల కాలం వస్తే పూలజడలు వేయించుకున్న ఆడపిల్లలు సాయంత్రం పూట వరసగా వచ్చేవాళ్లు. మొహం కనపడాలి, జడ మొత్తం కనపడాలి, పట్టుపావడ అంచు కనపడాలి. వాడిపోయే లోపల తీయాలి. బట్టనూ అలంకారాన్నీ చూపించడం కోసమే తీసిన ఫోటో ఫ్యాషన్ ఫోటో కాకపోతే మరేంటి?

పూలజడ ఫోటోలో ఒక చిక్కుంది. మొహం మన వైపు, జడేమో వెనక అద్దంలో. అమ్మాయి మొహం కెమెరాకు ఎనిమిది అడుగుల దూరంలో ఉందనుకోండి. అద్దం ఆమెకు రెండున్నర అడుగులు వెనక ఉంది. అద్దంలో జడ మనకు పదమూడు అడుగుల దూరంలో ఉన్నట్టు లెక్క, ఎందుకంటే వెలుతురు అద్దం దాకా పోయి మళ్లీ రావాలి. మొహానికి ఫోకస్ పెడితే జడ చెదురుతుంది, జడకు పెడితే మొహం చెదురుతుంది. అందుకని రెండూ స్పష్టంగా పడేలా నాన్న లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసేవాడు. చిన్నది చేస్తే వెలుతురు తగ్గుతుంది, ఆ లోటు టైముతో పూడ్చాలి. లెన్సు మూత తీసి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మళ్లీ మూసేవాడు. ఆ మూడు అంకెలకు ముందు ఎప్పుడూ ఒకటే మాట: “కదలబాక పాపా.”

పాత ఫోటోల్లో మనుషులు బిగుసుకుపోయి ఉంటారని నవ్వుతాం. బిడియం కొంత ఉంటుంది, కాదనను. కానీ ఎక్కువ భాగం ఈ లెక్కే. ఆ బిగువుకు బదులుగా మనకు దక్కిందేమిటో చూడండి. భూతద్దం పెడితే చీర అంచులో పువ్వులు లెక్కపెట్టొచ్చు.

పారిస్‌లోనూ పని ఇలాగే మొదలైంది. 1911లో ఎడ్వర్డ్ స్టైకెన్ అనే ఫోటోగ్రాఫర్ అక్కడ పాల్ పొయరే అనే డిజైనర్ కుట్టించిన గౌన్లను ఫోటోలు తీశాడు. ఆధునిక ఫ్యాషన్ ఫోటోగ్రఫీకి అవే మొదలని చాలామంది చెబుతారు. 1950లో అక్కడికే వెళ్లిన అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ ఒక పాత థియేటర్ తెర సంపాదించి, దాన్నే వెనక కట్టి, కిటికీ వెలుతురులో కొత్త డిజైన్లు తీశాడు. మెట్లు లేవు, పూలకుండీలు లేవు, బూడిదరంగు తెర ఒక్కటే. మా నాన్న తెరకంటే అదే మంచి తెరని ఒప్పుకోక తప్పదు. 1955లో ఇంకో అమెరికన్ ఫోటోగ్రాఫర్ రిచర్డ్ ఆవెడన్ పారిస్ సర్కస్‌లో డోవిమా అనే మోడల్‌ను ఏనుగుల మధ్య నిలబెట్టాడు. ఒంటిమీద డియోర్ అనే ఫ్యాషన్ కంపెనీ వాళ్ల నల్ల గౌను, దానిమీద జారే తెల్లటి నడికట్టు. ముడతలు పడ్డ ఏనుగు చర్మం పక్కన ఆ పట్టు నునుపు చూడండి. బట్ట ఎట్లాంటిదో చేత్తో తాకినట్టు తెలుస్తుంది.

మీలో చాలామంది క్యాండిడ్, అంటే పోజు పెట్టించకుండా కదులుతుండగా తీసే ఫోటో, మన కాలం సరుకు అనుకుంటారు. 1933లో మార్టిన్ ముంకాచి అనే హంగేరియన్, ఆటల పోటీలు ఫోటోలు తీసుకునే మనిషి, చలిలో సముద్రం ఒడ్డున ఒక మోడల్‌ను పరిగెత్తించి తీశాడు. అమెరికాలో హార్పర్స్ బజార్ అనే ఫ్యాషన్ పత్రిక ఆ ఫోటో వేసింది. మైపాడు బీచ్‌లో మనం జంటల్ని పరిగెత్తిస్తున్నామే, దానికి తొంభై ఏళ్లు దాటాయి.

పాత ఫోటో అబద్ధం చెప్పదంటారు. చక్కగా చెబుతుంది. మా అమ్మ పెళ్లి ఫోటోలో చీర నల్లగా ఉంటుంది. చిన్నప్పుడు అడిగాను, పెళ్లికి నల్లచీర ఏందమ్మా అని. అది ఎర్రచీర. అప్పటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనపడదు, నల్లగా పడుతుంది. డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు పెట్టుకుని కడగ్గలిగేది కూడా అందుకే. బొట్టూ నలుపే. మన చర్మంలో ఉండే ఎరుపు కూడా నలుపుకే తిరిగేది. దానికి నాన్న దగ్గర మందుంది: టచింగ్. నెగటివ్‌ను వెలుతురుకు పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిలుతో మొహం మీద చుక్కలు పెడితే ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది. పెళ్లిచూపుల ఫోటో అయితే ఇంకాస్త ఎక్కువ. యాప్‌లో వేలితో మనం చేసేది ఆయన పెన్సిలుతో చేశాడు. చామనఛాయ అమ్మాయిని చామనఛాయగానే, అందంగా చూపించే కెమెరా ఇప్పుడు మన చేతిలో ఉంది. దాన్ని పెట్టుకుని కూడా తెల్లబరుస్తున్నామంటే తప్పు కెమెరాది కాదు కదా.

అందుకే నలుపు తెలుపు ఫిల్టరు వేసి, నాలుగు గీతలు గీసి వింటేజ్ అనడం నాకు నచ్చదు. ఆ ఫోటోల్లో మనల్ని పట్టేది రంగు లేకపోవడం కాదు. రోల్‌లో పన్నెండు ఫ్రేములే ఉన్నప్పుడు, ఏది చూపించాలో నొక్కకముందే తేల్చుకోవాలి. ఇప్పుడు మూడు వేలు నొక్కి, ఇంటికొచ్చి తేల్చుకుంటున్నాం. వెనకంతా బ్లర్ చేయడం అలవాటైపోయింది, వెనక ఉన్న దాంతో సగం బట్ట కూడా బ్లర్‌లోకి పోతోంది. వేలకు వేలు పోసి కొన్న చీర కొంగు కరిగిపోయిన ఐస్‌క్రీంలా ఉంటుంది.

నేను కూడా ఇందులో చిక్కినవాణ్ణే. పోయిన వేసవిలో ఒకమ్మాయి తన అమ్మమ్మ పూలజడ ఫోటో పట్టుకొచ్చింది, నాక్కూడా ఇలాగే కావాలంది. అమ్మమ్మ కూడా వచ్చింది. నాన్న నిలువుటద్దం నా దగ్గరే ఉంది, అంచుల్లో రసం ఊడింది గానీ పనికొస్తుంది. మామూలుగా వాడే లెన్సుతో, లెన్సు రంధ్రం బాగా తెరుచుకునే 1.8 అంకె మీద, మామూలుగా పెట్టేట్టే, ఇరవై ముప్పై తీసి చూపించాను. మొహం పాలలా వచ్చింది. పెద్దావిడ కెమెరా వెనక స్క్రీనులోకి కళ్లు చిట్లించి చూసి, “పిల్ల బాగుంది అబ్బయ్యా. జడేది?” అంది.

అద్దంలో తెల్లటి మబ్బు లాంటిదేదో ఉంది. ఉదయం నుంచి కూర్చుని కుట్టిన మొగ్గలు.

రంధ్రాన్ని బాగా చిన్నది చేసి పదహారు అంకెకు దించాను. ఫ్లాషు పెంచాను, అద్దాన్ని కాస్త పక్కకు తిప్పాను, లేకపోతే నేనే అందులో కనపడుతున్నాను. ఫ్లాషు ఉంది కాబట్టి అమ్మాయి కదిలినా నష్టం లేదు. అయినా నోటికి అదే వచ్చింది, “కదలబాక పాపా” అని. అమ్మమ్మ ఫక్కున నవ్వింది, అది చూసి అమ్మాయీ నవ్వింది, తల ఒక పక్కకు వాలిపోయింది. సరిగ్గా అప్పుడే నొక్కాను. ఇంకో పది తీశాను, బుద్ధిగా నిలబడ్డవి. వాళ్లు మాత్రం ఆ నవ్వినదే ప్రింటు వేయించుకున్నారు. అందులో మొగ్గ మొగ్గా కనపడుతుంది.