38 దగ్గర ఆగిపోయిన పాఠం

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం. కణ శ్వాసక్రియ గురించి, అంటే కణాలు ఆహారం నుంచి శక్తి తీసుకునే తీరు గురించి మాట్లాడమన్నారు. దశలన్నీ వరసగా చెబుదామనే వచ్చాను. కానీ ముందు ఒక బాధ చెప్పుకోవాలి.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి, గ్లూకోజ్ అణువు ఒకటి పూర్తిగా విచ్ఛిన్నమైతే సుమారు 30 నుంచి 32 ఏటీపీలు, అంటే కణం తన పనులకు శక్తి కోసం వాడుకునే అణువులు, వస్తాయని పరీక్షలో రాసింది. మార్కు వేయలేదు. పుస్తకంలో 38 ఉందట! అది పాత లెక్క. ఎలక్ట్రాన్లను మోసుకెళ్ళే ఎన్‌ఏడీహెచ్ అణువు ఒక్కోదానికి మూడు ఏటీపీలని పట్టుకుని కట్టింది. కొలిచి చూస్తే వచ్చేది దాదాపు రెండున్నర. ఆ పిల్ల రాసిందే సరి. రెండున్నర ఏమిటి, సగం అణువు పుడుతుందా అని ఎవరైనా అడిగి ఉంటే ఎంత బాగుండేది! అసలు పాఠం అక్కడే ఉంది.

గ్లూకోజ్ ముందు పైరువేట్ అనే రెండు చిన్న అణువులుగా విడిపోతుంది. ఖర్చులు పోను మిగిలేది 2 ఏటీపీలు, దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు. తర్వాత కణంలోని శక్తి కేంద్రమైన మైటోకాండ్రియాలో ఆ కార్బన్ అంతా కార్బన్ డై ఆక్సైడ్‌గా బయటికి పోతుంది. అక్కడ జరిగే చర్యల చక్రం, క్రెబ్స్ వలయంలోని పేర్లు మీకు కంఠతా వచ్చు, వదిలేస్తాను. ఆ దారిలో ఊడివచ్చిన ఎలక్ట్రాన్లను చూడండి. అవి మైటోకాండ్రియా లోపలి పొరలో ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కి చేతులు మారుతుంటే, ఆ శక్తితో ప్రోటాన్లు పొర అవతలికి చేరతాయి. ఆనకట్ట వెనక నీళ్ళలా అక్కడ పోగుపడి, ఆ పొరలోని ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమ్ గుండా తిరిగి వస్తూ దాన్ని గిరగిరా తిప్పుతాయి. ఆ తిరుగుడులో ఏటీపీ తయారవుతుంది. కొన్ని ప్రోటాన్లు పొరలోంచి ఊరికే జారిపోతాయి, కొన్ని వేరే పనులకు ఖర్చవుతాయి. ఇక పూర్ణసంఖ్య ఎలా వస్తుంది?

1961లో బ్రిటిష్ జీవరసాయన శాస్త్రవేత్త పీటర్ మిచెల్ ఈ ప్రోటాన్ల మాట చెబితే చాలామంది నమ్మలేదు. ఆయన ఆరోగ్యం పాడై యూనివర్సిటీ వదిలి, పాత భవంతి ఒకటి బాగుచేయించుకుని, అందులోనే ల్యాబ్ పెట్టి పని సాగించాడు. 1978లో నోబెల్ వచ్చింది. ఇంత కథ ఉన్న పాఠాన్ని మనం ఒక్క మార్కు అంకె చేశాం.

టీచర్లకు నా విన్నపం ఒకటే: ఆ ప్రశ్న మార్చండి. పీల్చిన ఆక్సిజన్ ఏమవుతుందని అడగండి. పిల్లలూ, మీరు చెప్పండి... కార్బన్ డై ఆక్సైడా? కాదమ్మా, నీరవుతుంది. వరస చివర నిలబడి ఎలక్ట్రాన్లను అందుకునేది అదే. అది అందకపోతే ఎలక్ట్రాన్లు వెనకే నిలిచిపోతాయి, ప్రోటాన్లు కదలవు, సింథేజ్ ఆగిపోతుంది. సైనైడ్ ప్రాణం తీసేదీ ఇలాగే: ఆక్సిజన్ పక్కనే ఉన్నా దానికి ఎలక్ట్రాన్లు చేరనివ్వదు.